మావయ్యగారు బాగుచేసిన లంక పడవ

మా మావయ్యగారు పోయిన కబురు నాకు మూడో పీరియడ్ మధ్యలో తెలిసింది. ఏడో తరగతికి సోషల్ చెబుతున్నాను. అటెండరు గుమ్మంలో నిలబడి, మీ ఆయన ఫోన్ చేశారు, హెడ్మాస్టరుగారి గదిలోకి రమ్మంటున్నారు అంది. ఫోన్ తీసుకుంటే మా ఆయన "నాన్న లేరు" అన్నారు.

స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నారట. అత్తయ్యగారు కాఫీ కలిపి తెచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరుగారు. డెబ్భై నాలుగేళ్ళు.

ఆ ఉదయం నేను బడికి బయల్దేరుతూ గేటు దగ్గర్నించి "వెళ్ళొస్తానండీ మావయ్యగారూ" అన్నాను. ఆయన అటు తిరిగి కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. చెవి మిషను ఫ్రిజ్ మీద డబ్బాలో ఉందని నాకు తెలుసు. నాలుగడుగులు వెనక్కి వేసి, ఎదురుగా నిలబడి చెబితే సరిపోయేది. బస్సు వెళ్ళిపోతుందని ఆగలేదు. ఇది రాయటానికే నాకు చాలా రోజులు పట్టింది. రాయకుండా మిగతాది చెప్పటం సరికాదనిపించింది.

ఆయన ఆటోనగర్లో నలభై ఏళ్ళకు పైగా లారీల డీజిల్ పంపులు బాగుచేశారు. పుట్టింది చల్లపల్లి దాటాక, దిగువన కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంకలో. వాళ్ళ నాన్నగారి అరటి తోట ఒక వరదలో గట్టుతో సహా ఏట్లో కలిసిపోతే, పద్దెనిమిదేళ్ళ వయసులో బెజవాడ వచ్చి ఒక షెడ్డులో పనికి చేరారు. తరవాత తనే షెడ్డు పెట్టుకున్నారు. సాయంత్రం ఇంటికి రాగానే పెరట్లో రంపపుపొట్టూ సబ్బుపొడీ కలిపి మోచేతుల దాకా రుద్దుకునేవారు. ఎంత రుద్దినా గోళ్ళ అంచుల్లో నల్లటి గీత పోయేది కాదు. మా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు ఆ చేతులు కనపడతాయని ప్యాంటు జేబుల్లోంచి తియ్యనేలేదని, టిఫిను కూడా వద్దన్నారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆయన పనంతా చెవితోనే. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకునేవారు. కాసేపటికి లేచి, ఫలానా చోట ఫలానా ముక్క అరిగింది అనేవారు. విప్పి చూస్తే అదే. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో మిక్సీ తిప్పుతుంటే, హాల్లోంచి లేవకుండానే "దాని బుష్ పోయిందమ్మా, ఆపెయ్" అన్నారు. అలా ఇంట్లో ఏ వస్తువు పాడవబోతున్నా ముందే చెప్పేవారు. ఎప్పటినుంచి చెప్పటం మానేశారో మాలో ఎవరం గమనించలేదు.

ఆయన పోవటానికి ముందు ఏడాది వరదల్లో ఆయన పుట్టిన లంకలో మోటారు పడవ తాడు తెంపుకుని కొట్టుకుపోయింది. వారం తరవాత తుమ్మ చెట్లలో బోర్లా పడి దొరికింది. అడుగు చెక్కలు చీలిపోయాయి, ఇంజను నిండా బురద. ఆ ఊరికి వంతెన లేదు. హైస్కూలుకి వెళ్ళే పిల్లలూ, పాల క్యాన్లూ, అరటి గెలలూ, ఆస్పత్రికి పోవలసిన వాళ్ళూ అంతా ఆ పడవ మీదే దాటాలి. అది లేకపోయేసరికి చిన్న గెడ పడవలో నలుగురు నలుగురుగా దాటుతున్నారు. పడవ నడిపే సరంగు ఇద్దరు ఊరి పెద్దల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఊళ్ళో పుట్టినవాడివి, నువ్వొకసారి చూడు అని పెద్దలు అడిగారు.

మావయ్యగారు వాళ్ళ మొహాలకేసి చూస్తూ చాలాసేపు విన్నారు. చివరికి, "బండి ఆగిపోతే దిగి నడుస్తాం. పడవ ఆగిపోతే ఎక్కడికి దిగుతాం? నిదానంగా చేస్తాను, తొందరపెట్టకూడదు" అన్నారు.

చలికాలమంతా అదే పని. మునిగిన ఇంజను పనికిరాదని తేల్చి, పాత లారీ ఇంజను ఒకటి షెడ్డులో పూర్తిగా విప్పి, ప్రతి ముక్కా కడిగి, అరిగినవి మార్చి మళ్ళీ కట్టారు. అక్కడ లంక గట్టు మీద వడ్రంగులు చీలిన చెక్కలు తీసి కొత్తవి వేసి, సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం కాచి పూశారు. ఇంజను లారీలో తీసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టేసరికి మే నెల వచ్చింది. మా ఆయనకి ఆఫీసులో సెలవు దొరకలేదు. స్కూటరు మీద అంత దూరం వద్దని అత్తయ్యగారు పట్టుబట్టారు. నాకు వేసవి సెలవులు కాబట్టి కారులో మావయ్యగారిని తీసుకెళ్ళే పని నాకు పడింది.

పొద్దున్నే కరకట్ట మీద బయల్దేరేవాళ్ళం. దారిలో నేను ఏదో ఒకటి అడిగేదాన్ని. ఒక్కోసారి ఆయన జవాబు చెప్పేవారు కాదు, ఒక్కోసారి సంబంధం లేని జవాబు చెప్పేవారు. ధ్యాసంతా పడవ మీద ఉందనుకునేదాన్ని.

పడవని నీళ్ళలోకి దించిన రోజు ఊరంతా రేవులో ఉంది. ముందు భాగానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ రోజు మాతో వచ్చిన అత్తయ్యగారు హారతిచ్చారు. తాటి దుంగల మీద పడవని నెడుతుంటే మావయ్యగారు అటూ ఇటూ పరిగెత్తుతూ, ఎవరి కాలూ దుంగల కింద పడకుండా చూశారు. పడవ జారి నీళ్ళలోకి దిగింది. చప్పట్లు ఇంకా అయిపోకముందే, అడుగున సందుల్లోంచి నీళ్ళు ఊరటం మొదలైంది. చూస్తుండగానే చీలమండ లోతు అయింది. రేవులో అందరి మొహాలూ వాడిపోయాయి. ఆయన మాత్రం నవ్వారు. "తాగనివ్వండి. ఇన్నాళ్ళూ ఎండలో ఉంది. చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే సందులు వాటంతటవే మూసుకుంటాయి" అన్నారు.

అలాగే అయింది. మూడు రోజులు బకెట్లతో తోడారు. నాలుగో రోజుకి అడుగు తడి మాత్రమే మిగిలింది. అప్పుడాయన ఇంజను దగ్గర కూర్చుని, ఇంజనూ, పడవ కింద నీళ్ళలో పంకా తిప్పే షాఫ్టూ ఒకే గీతలో ఉన్నాయో లేదో సన్నటి రేకులు దూర్చి కొలిచారు. గట్టు మీద కుదిర్చిన లైను నీళ్ళలో నిలవదని, పడవ ఒళ్ళు సర్దుకున్నాక మళ్ళీ కుదర్చాలని నాకు చెప్పారు. ఒక రోజంతా దానికే సరిపోయింది.

మర్నాడు ఇంజను స్టార్టు చేశారు. పడవలో సరంగు, మావయ్యగారు, నేను, ఊరివాళ్ళు ఇద్దరు. అందరికీ లైఫ్ జాకెట్లు వేయించాకే తాడు విప్పించారు. గట్టు వదిలి కొంత దూరం వెళ్ళాక ఆయన స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెట్టారు. ఆయన మొహం చూస్తున్నాను. షెడ్డులో చూసిన మొహం కాదు. కళ్ళు మూసుకోలేదు. అటూ ఇటూ చూస్తున్నారు. నాకు వెనకవైపు నించి టక్ టక్ మని సన్నగా ఒక చప్పుడు వినపడుతోంది.

"ఏమన్నా తేడాగా ఉందా?" అని సరంగుని అడిగారు. వాడు బ్రహ్మాండంగా ఉందన్నాడు. నావైపు తిరిగారు. నేను, "ఏం లేదండీ" అన్నాను.

ఎందుకలా అన్నానంటే, ఆయనకి వినపడనిది నాకు వినపడుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు. ఇంజనంటే ఇలాగే కొట్టుకుంటుందేమో అనుకున్నాను.

ఏటి మధ్యకి వచ్చాక పెద్ద చప్పుడైంది. ఇంజను ఒక్కసారి గట్టిగా అరిచింది, పడవ మాత్రం నిలిచిపోయింది. సరంగు ఇంజను ఆపేశాడు. ఇంజనునీ షాఫ్టునీ కలిపే చోట బోల్టులు తెగిపోయాయి. ఆటు సమయం. నీళ్ళు సముద్రం వైపు గట్టిగా లాగుతున్నాయి. గెడ వేస్తే అడుగు అందలేదు. పడవ అడ్డం తిరిగి దిగువకి పోతోంది, రేవులో జనం చిన్నగా అయిపోతున్నారు. సరంగు గెడ వదలకుండా ప్రయత్నిస్తూనే ఉన్నాడు. చాలా దూరం పోయాక ఎక్కడో గెడకి ఇసుక తగిలింది. ముగ్గురు కలిసి నెట్టి పడవని ఇసుక తిన్నె మీదకి ఎక్కించారు.

ఎవరికీ ఏమీ కాలేదు. గెడ పడవ వచ్చేవరకు ఆగాలి. మిగతావాళ్ళు తిన్నె అవతలి కొసకి వెళ్ళి చేతులూపుతున్నారు. మావయ్యగారు ఇసుకలో కూర్చున్నారు. చేతిలో తెగిన బోల్టు. నేను పక్కన కూర్చుని, నాకు ముందే ఏదో చప్పుడు వినపడిందండీ అన్నాను. ఆయన పలకలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. తల తిప్పి నా నోటివైపు చూశారు. మూడోసారి చెప్పాక అర్థమైంది.

"నాకు వినపడట్లేదమ్మా" అన్నారు. "రెండేళ్ళ పైనయింది. సన్నటి చప్పుళ్ళు అసలు తెలియట్లేదు."

ఇంట్లో ఎవరికీ తెలియదన్నారు. షెడ్డులో కుర్రాళ్ళు చెబితే విని సర్దుకొస్తున్నారట. ఇక్కడ తన చెవి మీద తనే భరోసా పెట్టుకుని, నలుగురిని ఏట్లోకి తెచ్చానని అన్నారు. కాసేపు బోల్టు వైపే చూసి, "నీకు వినపడితే చెప్పలేదేం?" అన్నారు.

"ఇంజనులన్నీ అలాగే ఉంటాయేమో అనుకున్నానండీ."

"విన్నది చెప్పెయ్యాలమ్మా. అది మంచిదో చెడ్డదో నేను చూసుకుంటాను. నువ్వు విన్నది మాత్రం నీ దగ్గర ఉంచుకోకు."

పడవని రేవుకి లాక్కొచ్చి కొత్త బోల్టులు వేశారు. అప్పటినుంచి తొమ్మిది రోజులు నేనే ఆయన చెవినయ్యాను. నాకు ఇంజనులు తెలియవు. కానీ పాతికేళ్ళుగా బడిలో ఉన్నాను. బోర్డు మీద రాస్తుంటే వెనక ఏ బెంచీలో ఎవరు మాట్లాడారో తిరక్కుండా చెప్పగలను. ఆ మాట అంటే ఆయనకి ధైర్యం వచ్చింది. స్క్రూడ్రైవరు పిడి నా చెవికి పెట్టి, మొన ఒక్కొక్క చోటే ఆనించేవారు. ఆ హోరులో ఎలాగూ మాట వినపడదు కాబట్టి, నేను సుద్దముక్కతో ఇంజను పెట్టె మూత మీద రాసేదాన్ని. నాకు వచ్చిన మాటలు వంటింటివే. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు, గ్రైండరులో రాయి అంచుకి తగిలినట్టు, కుక్కరు కూతకి ముందు బుసకొట్టినట్టు. అది చదివి ఆయన తల పంకించి పానా అందుకునేవారు. ఆవాలంటే డీజిల్ కాస్త ముందుగా పడుతోందని పంపు టైమింగు వెనక్కి తిప్పారు. గ్రైండరంటే షాఫ్టు ఇంకా ఒక పక్కకి ఒరుసుకుంటోందని ఇంజను కాళ్ళ కింద రేకులు మార్చారు. షాఫ్టు బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా సరంగు బిగించేస్తుంటే వద్దని, ఒక్కో చుక్క పడుతూ ఉండాలని, లేకపోతే వేడెక్కి కాలిపోతుందని చెప్పారు. సరంగుకి మా రాతలు అర్థం కాలేదు. ఆవాలూ గ్రైండరూ చూసి, సామాన్లేమన్నా చల్లపల్లి నించి తేవాలాండీ అని అడిగాడు. మావయ్యగారు ఆ రోజు నవ్వినంతగా ఎప్పుడూ నవ్వలేదు.

పంకా రెక్క ఒకటి కొద్దిగా వంగి ఉందని ఎనిమిదో రోజున తేలింది. సరిచేసి బిగించారు. తొమ్మిదో రోజు లంక చుట్టూ పూర్తిగా తిరిగాం. వెళ్ళేటప్పుడు పోటుకి ఎదురు, వచ్చేటప్పుడు దాని వెంట. ఇసుక బస్తాలు వేసి, మనుషులు నిండితే ఎంత బరువో అంత బరువు పెట్టి నడిపించారు. నేను అన్నిచోట్లా చెవి పెట్టాను. ఆయన నా మొహం వైపు చూస్తూ, ఏం వినపడుతోందన్నట్టు చెయ్యి ఆడించారు. మూత మీద "నీళ్ళు" అని రాశాను. ఆయన అది చదివి, అరచెయ్యి పడవ చెక్క మీద పెట్టి అలాగే కూర్చుండిపోయారు. రేవు వచ్చేదాకా చెయ్యి తియ్యలేదు.

తిరిగి వస్తుంటే కారులో, ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దమ్మా అన్నారు. చెవి పోయిన మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు అన్నారు. సరేనన్నాను.

ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. జూన్ చివర్లో ఆయనకి అన్నం క్యారియరు ఇద్దామని షెడ్డుకి వెళ్ళాను. రోడ్డు మీద లారీ ఒకటి వెనక్కి వస్తోంది. క్లీనరు అరుస్తున్నాడు, హారను మోగుతోంది. మావయ్యగారు దానికి వీపు పెట్టి నిలబడి ఒక పంపు కేసి చూస్తున్నారు. పక్క షెడ్డు ఆయన చెయ్యి పట్టి లాగాడు. ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పేశాను. మా ఆయన వాళ్ళమ్మకి చెప్పారు. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నెల తిరగకుండా షెడ్డు శిష్యుడికి అప్పగించారు.

మావయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. మాట్లాడటం మానేశారు. నేను కాఫీ ఇస్తే తీసుకునేవారు, గ్లాసు తనే కడిగి పెట్టేవారు. నేను గదిలోకి వస్తే చెవి మిషను తీసి జేబులో వేసుకునేవారు. ఒకరోజు ఆయన ముందు నిలబడి, నన్ను తిట్టండి మావయ్యగారూ, ఇలా ఉండొద్దు అన్నాను. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు. అత్తయ్యగారు మాత్రం వంటింట్లో నా భుజం మీద చెయ్యేసి, నువ్వు చెప్పకపోతే మేము అడిగి ఉండేవాళ్ళం కాదు తల్లీ అన్నారు. అయినా నాకు తిండి సహించలేదు. ఆయనకి మిగిలిన ఒక్క చోటూ నావల్లే పోయిందనిపించేది.

ఆగస్టులో ఎగువనించి నీళ్ళు వదిలారు. లంకలో పల్లపు ఇళ్ళు ఖాళీ చేయిస్తున్నారని కబురొస్తే, ఆయన ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం నేను స్టాఫ్ రూములో ఉండగా సరంగు నంబరు నించి ఫోన్ వచ్చింది. ఎత్తితే మాటలేదు. ఇంజను హోరు. భయపడి హలో హలో అన్నాను. ఎవరూ పలకలేదు. అప్పటికి అర్థమై, చెవికి గట్టిగా నొక్కుకుని, రెండో చెవి మూసుకుని విన్నాను. తోటి టీచర్లు ఏమైందని అడుగుతుంటే చెయ్యెత్తి ఆగమన్నాను. హోరు తగ్గాక ఆయన గొంతు వినపడింది.

"ఏమంటావమ్మా?"

ముప్ఫై ఎనిమిది రోజుల తరవాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. కుక్కరు బుస కొద్దిగా ఉందండీ అని గట్టిగా అరిచాను. అయితే పైపు దగ్గర గాలి పోతోంది, బిగిస్తాను అన్నారు. ఇంకో మూడు సార్లు ఫోన్ చేశారు ఆ రోజు. చీకటి పడేలోగా పడవ పద్నాలుగు సార్లు తిరిగింది. పశువుల్ని కూడా దాటించారు. ఎక్కడా ఆగలేదు. రాత్రి తడిసి ఇంటికి వచ్చి, చెవి మిషను తగిలించుకుని, నేను అన్నం వడ్డిస్తుంటే రేవు సంగతులన్నీ వరసగా చెప్పారు. ఆ కోపం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కార్తీకం వెళ్ళిన వారానికి పోయారు.

అస్థికలు తన లంక దగ్గరే కలపాలని అత్తయ్యగారు అన్నారు. మేము ముగ్గురం వెళ్ళాం. సరంగు పడవ కడిగి, కట్టి ఉంచాడు. ఏటి మధ్యలో మా ఆయన కుండ వంచారు. అత్తయ్యగారు పూలు వేశారు.

తిరిగి గట్టుకి వచ్చేసరికి రేవులో జనం ఎదురుచూస్తున్నారు. పాల క్యాన్లతో ఇద్దరు, సైకిలుతో ఒకాయన, ఆస్పత్రి చీటీ పట్టుకుని ఒకావిడ, పుస్తకాల సంచులతో ఆడపిల్లలు. మమ్మల్ని చూసి అందరూ పక్కకి జరిగి నిలబడ్డారు. ఈ పూటకి పడవ ఆపేస్తానమ్మా, మీరు కాసేపు కూర్చోండి అని సరంగు అత్తయ్యగారితో అన్నాడు.

"ఎందుకు నాయనా, వాళ్ళకి ఆలస్యమవుతోంది. ఎక్కించుకుని వెళ్ళు" అన్నారు ఆవిడ.

వాళ్ళు ఒక్కొక్కరే ఎక్కారు. సైకిలు ఎక్కించారు, క్యాన్లు సర్దారు. పడవ గట్టు వదిలి, ముందు భాగం తిప్పుకుని, అవతలి ఒడ్డు వైపు సాగింది. మేము చూస్తూ నిలబడ్డాం. మనుషులు కలిసిపోయి, రంగులు మాత్రం కనపడేంత దూరం పోయింది. మా ఆయన, పద అమ్మా అన్నారు. అత్తయ్యగారు కదల్లేదు. పడవ రేపిన అలలు అప్పటికి గట్టుకి చేరాయి. మొదటిది వచ్చి ఆవిడ పాదాలు తడిపింది. చీర కుచ్చెళ్ళు ఎత్తుకోకుండా, అక్కడే నిలబడి రెండోదాని కోసం చూశారు.